ఉసిరి చెట్టు కోసం లాల్‌బాగ్‌లో

లాల్‌బాగ్ పేరెత్తితే హిందూపురంలో ఎవరైనా ముందు పూల గురించే చెప్తారు. పూలు చూడాలంటే అక్కడే చూడాలన్నారు మా పక్కింటివాళ్లు. ఒక పూట చాలన్నాడు యశ్వంతపురం రైల్లో ఎదురుగా కూర్చున్నాయన. ఆయన బెంగళూరులో ఉద్యోగంలో చేరి చాలా ఏళ్లయిందట, లాల్‌బాగ్‌కు మాత్రం పెళ్లయిన కొత్తలో వెళ్లాడట. ఇక మా వియ్యపురాలు రైలు దొడ్డబళ్లాపురం దాటేదాకా పూల ముచ్చట్లే చెప్పింది. ఆమె పెళ్లికి ముందు ఒకసారి ఆగస్టు పదిహేనుకు వచ్చిందట. గాజు మేడ నిండా పూలేనట, అడుగు పెట్టే చోటు కూడా లేదట. "రోజాలతోనే ఏదో గుడి కట్టినారు వదినా" అంది. ఏ గుడో ఆమెకు గుర్తు రాలేదు.

అయితే ఈసారి ఆమె బయల్దేరింది పూల కోసం కాదు. కార్తీకం అయిపోవస్తోంది, చివరి ఆదివారం. మనవరాలికి ఎనిమిది నెలలు. పాపకు మొదటి కార్తీకం కాబట్టి ఉసిరి చెట్టు కింద ఒక ముద్దయినా తినిపించాలని ఆమె పట్టు. యశ్వంతపురంలో మా అమ్మాయివాళ్లుండే అపార్ట్‌మెంటులో కుండీల్లో పామ్ మొక్కలు తప్ప ఏమీ లేవు. "అన్ని రకాల చెట్లూ ఉండే తోటలో ఉసిరి ఉండదా?" అంది. ఆ మాటకు అల్లుడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

పొద్దున్నే ఏడింటికల్లా బయటపడాలనుకున్నాం. పాప సరిగ్గా అప్పుడే నిద్రపోయింది. నిద్ర లేపి తీసుకెళ్తే దారంతా ఏడుస్తుందని అమ్మాయి, ఎండెక్కితే ఏడుస్తుందని వియ్యపురాలు. పాప లేచేసరికి తొమ్మిది దాటింది. ఈలోగా సామాను పెరిగింది. రాగి జావ ఫ్లాస్కు, వేణ్నీళ్ల ఫ్లాస్కు, డైపర్లు, తడి గుడ్డలు, రెండు జతల బట్టలు, దోమల మందు, దుప్పటి, మడతపెట్టే తోపుడు బండి. మా నలుగురు పెద్దవాళ్ల చిత్రాన్నం, ఉద్ది వడలు, పెరుగన్నం కలిపి ఒక్క సంచిలో పట్టాయి.

యశ్వంతపురంలో మెట్రో ఎక్కితే ఆకుపచ్చ లైను మీద నేరుగా లాల్‌బాగ్ స్టేషను. మారే పని లేదు. ఆదివారమైనా పెట్టెలో జనం బాగానే ఉన్నారు. పాపను చూసి ఒక కాలేజీ అమ్మాయి లేచి చోటిచ్చింది. మెజెస్టిక్ దగ్గర రైలు నేల కిందికి దిగింది. కిటికీ అద్దం నల్లబడి, అందులో తన మొహం తనకే కనబడేసరికి పాప అరుపులు మొదలుపెట్టింది. చిక్కపేట, మార్కెట్, నేషనల్ కాలేజి దాటేదాకా అవే అరుపులు. ఎదుటివాళ్లు నవ్వారు కాబట్టి సరిపోయింది.

పడమటి గేటు స్టేషనుకు దగ్గరే. టిక్కెట్ల వరుస మాత్రం గేటు కంటే చాలా ముందే మొదలైంది. గేటు దగ్గర సంచీ తెరిచి చూశారు. ప్లాస్టిక్ కవర్లుంటే తీసేయమన్నారు. వడలు కట్టిన కవరు వదిలిపెట్టి, వడలను చిత్రాన్నం డబ్బాలోకి సర్దాం. లోపల తిననివ్వరని యశ్వంతపురంలో అమ్మాయి పక్కింటావిడ భయపెట్టింది. లోపలికి వెళ్లి పది అడుగులు వేయకముందే ఒక కుటుంబం బెంచీ మీద ఇడ్లీ పొట్లాలు విప్పుతూ కనబడింది.

"పూలేవి?" అని అడిగింది వియ్యపురాలు.

చెట్లున్నాయి. మేం ఎటు చూసినా చెట్లే. ఆకాశం ముక్కలుగా కనబడింది. నడకకు వచ్చినవాళ్లు వెళ్లిపోతున్నారు, పిల్లలతో వచ్చేవాళ్లు లోపలికి వస్తున్నారు. బాటలు వెడల్పుగా, తోపుడు బండికి వీలుగా ఉన్నాయి. అక్కడక్కడ మాత్రం వేళ్లు రాళ్లను పైకి లేపేశాయి. ఆ చోట్లలో అల్లుడు బండిని ముందు చక్రాలు ఎత్తి నడిపాడు. రెండుసార్లు అలా చేశాక పాపను బండిలోంచి తీసి చంకనేసుకున్నాడు. అప్పటినుంచి బండిలో సంచులు ప్రయాణం చేశాయి.

గాజు మేడ దగ్గరికి వెళ్లాం. దీనికి 1889లో పునాది వేశారు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌ను చూసి ఈ నమూనా తీసుకున్నారంటారు. ఆ లండన్ మేడ 1936లో కాలిపోయింది, ఇది మాత్రం నిలబడి ఉంది. పొడవాటి ఇనుప స్తంభాలు, వాటి మీద గాజు పలకలు. లోపల పూలు లేవు. పూల ప్రదర్శన ఏడాదికి రెండుసార్లే, జనవరి 26కు ఒకటి, ఆగస్టు 15కు ఒకటి, ఒక్కొక్కటి పది రోజుల చిల్లర. మిగతా రోజుల్లో అది ఖాళీ మేడ. లోపల ఖాళీ నేల మీద గాజు పలకల నీడలు పడి ఉన్నాయి. వియ్యపురాలు కమ్మీల సందుల్లోంచి చాలాసేపు చూసింది. "అప్పుడు ఇంకా పెద్దదిగా ఉండె" అంది.

ఆ పక్కనున్న బెంచీ మీద అమ్మాయి పాపకు పాలిచ్చింది. శాలువా అడ్డం పట్టుకుని నేను నిలబడ్డాను. మమ్మల్ని చూసి మరో ఇద్దరు తల్లులు కూడా అటే వచ్చి కూర్చున్నారు. కాసేపటికి ఆ మూల ఆడవాళ్ల మూల అయిపోయింది. మగవాళ్లు తమంతట తామే దూరం జరిగారు. పిల్లల వయసులు, పళ్లు ఎన్ని వచ్చాయి, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఇవే మాటలు. ఒకామె తమిళం, ఒకామె కన్నడం. మా అమ్మాయి మూడు భాషల్నీ కలిపి మాట్లాడింది.

అల్లుడు దూరం నుంచి ఫోన్లో చదివిన విషయాలు మాకు వినిపించాడు. తోటను మొదలుపెట్టినవాడు హైదర్ అలీ, 1760లో. పెంచినవాడు కొడుకు టిప్పు. పర్షియా, అఫ్ఘానిస్తాన్, తుర్కీ దాకా మనుషుల్ని పంపి మొక్కలు, విత్తనాలు తెప్పించాడు. 1799లో టిప్పు పోయాక తోట కంపెనీవాళ్ల చేతికొచ్చింది. 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానమయింది. ఇప్పుడు 240 ఎకరాలు. మన ఇళ్లలో పప్పులో వేసుకునే బెంగళూరు వంకాయ కూడా తెల్లవాళ్ల కాలంలో ఈ తోట నుంచే ఊళ్లోకి పాకిందట. అది విని వియ్యపురాలికి ఈ తోట మీద కొంచెం గౌరవం కలిగినట్టుంది. టిప్పు మొక్కలు తెప్పించాడంటే ఉసిరి కూడా తెప్పించే ఉంటాడని ఆమె వాదన. ఉసిరి మన చెట్టే గదా, తెప్పించడమెందుకని అమ్మాయి అడిగింది. "మనదే అయితే ఇంకా సులువు" అంది వియ్యపురాలు.

అక్కడినుంచి వెతుకులాట మొదలయింది.

ఆకులు ఊడుస్తున్న ఒక తోటమాలిని అల్లుడు కన్నడంలో అడిగాడు, నెల్లికాయి మర ఎక్కడుందని. ఆయన చీపురుతో చెరువు వైపు చూపించాడు. చెరువు వైపు సగం దూరం వెళ్లాక ఒక సెక్యూరిటీ ఆయన ఎదురయ్యాడు. అటు లేదు, బండ దాటాక ఉందన్నాడు. ముప్పై ఏళ్లుగా రోజూ ఇక్కడే నడుస్తున్నానని చెప్పిన ఒక పెద్దాయన, టోపీ సర్దుకుంటూ, ఉండేవి, ఇప్పుడు లేవన్నాడు. ఆయనతో ఉన్న స్నేహితుడు వెంటనే కాదన్నాడు. నర్సరీ వెనకాల ఉందన్నాడు. వాళ్లిద్దరూ ఆ విషయం మీద వాదించుకుంటుండగా మేం మెల్లగా తప్పుకున్నాం.

చాలా చెట్లకు పలకలు కట్టి ఉన్నాయి. పైన శాస్త్రీయ నామం, కింద కన్నడ పేరు. పలకలు లేని చెట్లూ ఉన్నాయి. పెద్ద చెట్లలో సగానికి ఎవరో ఒకరు టిప్పు నాటిందని చెప్పారు. ఒక మామిడి చెట్టు దగ్గర వేరుశనగలు అమ్ముతున్నామె అది టిప్పు చేత్తో నాటిందంది. దానికి పలక లేదు. మరో చోట మామిడి చెట్టు ముందు ఫొటోలు తీసుకుంటున్న పిల్లల్లో ఒకడు అదే మాట మరింత గట్టిగా చెప్పాడు. దాని పలక మీద మామిడి అని మాత్రం ఉంది.

అనుమానం లేకుండా పెద్దదంటే తెల్ల బూరుగు చెట్టే. రెండు వందల ఏళ్లు దాటిందంటారు. మొదలు దగ్గర వేళ్లు గోడల్లా లేచి నిలబడ్డాయి. మనిషి నిలువెత్తు గోడలు, వాటి మధ్య గదుల్లాంటి ఖాళీలు. చుట్టూ కంచె కట్టారు కాబట్టి ఆ గదుల్లోకి పోలేం. పాప ఆ చెట్టు వంక చూడలేదు. కంచె మీద పాకుతున్న ఒక చీమల బారును చూసి అటే వంగింది. ఫొటో కోసం అల్లుడు ఎన్ని చిటికెలు వేసినా తల తిప్పలేదు. ఆ ఫొటోల్లో అందరం నవ్వుతున్నాం, పాప వెనకభాగం ఉంది.

ఇంకోచోట రాయిగా మారిపోయిన చెట్టు మొద్దు పెట్టారు. రెండు కోట్ల ఏళ్ల నాటిదట. మాకు ముందు వచ్చినవాళ్లు దాన్ని కొబ్బరి మొద్దనుకుని దాటిపోయారు. మేమూ ఆగేవాళ్లం కాదేమో. డైపరు మార్చడానికి ఆగాం కాబట్టి బోర్డు చదివాం.

డైపరు సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. పసిపిల్లతో తోటకొచ్చినవాళ్లకు పటంలో గీసిన గుర్తులేవీ అక్కరకు రావు. గాజు మేడ, పూల గడియారం, బోన్సాయి తోట, చెరువు అని బోర్డు మీద బాణాలున్నాయి. మేం వెతికినవి వేరు. ఎండ పడని బెంచీ, చేతులు కడుక్కునే కుళాయి, మూత ఉన్న చెత్తబుట్ట, అరుగులాంటి చదునైన చోటు. మరుగుదొడ్డి దగ్గర వరుస పెద్దదే. నా ముందున్న అమ్మాయి నా చేతిలో బిడ్డను చూసి పక్కకు తప్పుకుంది. లోపల పాపను పడుకోబెట్టే చోటు లేదు. రాయి మొద్దు పక్కన దుప్పటి పరిచి, నలుగురం చుట్టూ నిలబడి పని కానిచ్చాం.

ఉసిరి బండ దాటాక ఉందన్నారు కదా, బండ దగ్గరికి నడిచాం. పన్నెండున్నర. ఎండ బాగా ఉంది. బెంగళూరు చలి అంటూ అమ్మాయి తొడిగిన ఊలు స్వెట్టరు అప్పటికే తీసేసి సంచిలో వేశాం.

బండ ముందు భూగర్భ శాఖవాళ్ల బోర్డుంది. ఈ శిలకు 300 కోట్ల ఏళ్లుంటాయని, 1975లో దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారని. ప్రపంచంలో ఉన్న పాత రాళ్లలో ఇదొకటన్న మాట. వియ్యపురాలు అల్లుడి చేత చదివించుకుని విన్నది. "మన పెనుకొండలో లేదా ఇట్లాంటి బండ? లేపాక్షి దగ్గర లేదా? మనోళ్లు బోర్డు పెట్టలేదు, అంతే" అంది. నిజానికి ఆమె మాటను తీసిపారేయడానికి లేదు. ఈ రాతి జాతే దక్షిణాదిన చాలా దూరం, మా సీమ దాకా, భూమి కింద పరుచుకుని ఉంది. లేపాక్షి బసవన్నను చెక్కింది కూడా మా ఊరి బండరాతిలోనే.

బండ మీద తోపుడు బండి నడవదు. కింద నీడలో సంచులకు కాపలా నేను కూర్చుంటానన్నాను. వియ్యపురాలు ఒప్పుకోలేదు. ఇద్దరం వంతులేసుకుని ఎక్కాం. పైన కెంపేగౌడ బురుజుంది. ఊరి ఎల్లలకు గుర్తుగా నాలుగు దిక్కులా కట్టిన నాలుగింటిలో ఇదొకటి అని చెప్తారు. పదహారో శతాబ్దపు ఎల్ల అది. దాని పక్కన నిలబడి నాలుగు వైపులా చూశాను. ఊరే కనబడింది. ఒకాయన వేలు పెట్టి తన భార్యకు ఏదో భవనం చూపించాడు. తామున్నది అక్కడేనన్నాడు. ఆమెకు కనబడలేదు. నాకూ ఆయన వేలు చివర పొగమంచులాంటిది మాత్రం కనబడింది.

అమ్మాయి పాపను బండ మీద దించింది. వేడి తగిలిందేమో, ఒక్క క్షణం మోకాళ్లు పైకెత్తింది. ఆ తర్వాత దుప్పటి వేస్తే దుప్పటి అంచుదాకా పాకి, ఒక రాతి పలుకు ఏరి నోట్లో పెట్టుకుంది. అమ్మాయి వేలు పెట్టి తీసింది. "మూడొందల కోట్ల ఏళ్లది, పారేయకు" అన్నాడు అల్లుడు. అమ్మాయి ఆ మాటకు నవ్వలేదు. ఆకలి మీద ఉంది.

బండ దాటి దిగాక ఉసిరి కనబడలేదు. మళ్లీ ఒకరినడిగితే మేం వచ్చిన వైపే చూపించాడు. ఒంటిగంట దాటింది. పాప కళ్లు నులుముకుంటోంది. ఇంక ఏ చెట్టయినా సరేనని నేను లోపల్లోపల అనుకున్నాను. పైకి అనలేదు.

అప్పుడు వియ్యపురాలు ఆగింది. "అదిగో" అంది.

బాటకు కాస్త లోపలగా ఒక పెద్ద చెట్టు. గొడుగులా పరుచుకుంది. ఆకులు చిన్నచిన్నవి, ఈకల్లా, ఉసిరి ఆకు లాగే ఉన్నాయి. కింద చల్లగా, చదునుగా ఉంది. మొదలుకు మేకు గుర్తుంది, పలక లేదు. మొదలు మా ఇద్దరి చేతులు కలిపి పట్టుకున్నా అందేట్టు లేదు. కొమ్మల్లో మూరెడు పొడవున నల్లటి కాయలు కొన్ని వేలాడుతున్నాయి.

"ఉసిరికాయలేవమ్మా?" అని అల్లుడు అడిగాడు.

"లేత చెట్టప్పా, ఇంకా కాపుకి రాలేదు" అంది వాళ్లమ్మ.

అల్లుడు ఫోను తీసి ఆకును ఫొటో తీశాడు. పేరు చెప్పే యాప్ ఏదో ఉందట. తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉంది. అమ్మాయి అతని మోచేతి మీద ఒక్కటిచ్చింది. ఫోను జేబులోకి వెళ్లిపోయింది.

వియ్యపురాలు కొంగుముడి విప్పింది. పసుపు, కుంకుమ, ఒక తమలపాకు, చిన్న మట్టి ప్రమిద. చెట్టుకు బొట్టు పెట్టింది. అగ్గిపెట్టె తీస్తే అల్లుడు తల అడ్డంగా ఊపాడు. వెలిగించని ప్రమిదనే మొదట్లో పెట్టి దణ్ణం పెట్టుకుంది, తర్వాత మళ్లీ సంచిలో వేసుకుంది. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని పెరుగన్నం వేలితో మెత్తగా చిదిమి పెట్టింది. మొదటి ముద్ద సగం లోపలికి, సగం చీర మీదికి. రెండోది పూర్తిగా చీర మీదికి. మూడోది మింగింది. చాల్లెమ్మని ఆమె తృప్తి పడింది.

మేం తింటున్నాం. చిత్రాన్నం చల్లారినా బాగానే ఉంది, వడలు మాత్రం మెత్తబడ్డాయి. బాట మీద వెళ్తున్న ఒక కుటుంబం మమ్మల్ని చూసి ఆగింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక ముసలామె. చెట్టుకు పెట్టిన బొట్టు చూశారు. ముసలామె దగ్గరికొచ్చి తెలుగులో అడిగింది, "అమ్మా, ఇది ఉసిరేనా?"

మా అల్లుడు నీళ్ల సీసా మూత బిగించడంలో మునిగిపోయాడు.

"రాండమ్మా, కూసోండి" అంది వియ్యపురాలు.

వాళ్లది చిత్తూరు వైపు. మారతహళ్లిలో ఉంటారట. పొద్దుటినుంచీ వాళ్లూ ఉసిరి కోసమే తిరిగారట, వాళ్లను తోటమాలి నర్సరీ వైపు పంపాడట. చెట్టుకు రెండో పక్క దుప్పటి పరిచారు. ముసలామె కూడా బొట్టు పెట్టింది. పులిహోర మాకిచ్చారు, వడలు వాళ్లకిచ్చాం. పిల్లలు పాపను ఎత్తుకుంటామని పేచీ పెట్టారు. పాప అప్పటికే అమ్మాయి ఒళ్లో నిద్రపోయింది. మరో అరగంటకు ఇంకో జంట వచ్చింది. వాళ్లు ఏమీ అడగలేదు. బొట్లు చూసి, చెప్పులు విడిచి, ప్రదక్షిణం చేసి వెళ్లారు.

పాప లేచేసరికి మూడున్నర. చెరువు చూడలేదు, పూల గడియారం చూడలేదు. వియ్యపురాలికి వాటి మీద ఆసక్తి లేదు. గేటు వైపు నడుస్తుంటే దారి పక్కన ఒక మడిలో పసుపు బంతి పూలు కనబడ్డాయి. ఆమె వాటి ముందు నిలబడి, ఇంటికి పంపడానికి ఒక ఫొటో తీయమంది. వెనక ఇంకేం లేకుండా పూలే పడేట్టు తీయమంది.

బసవనగుడిలో శనక్కాయల పరిషె ఉందని, దగ్గరేనని అల్లుడు చెప్పాడు. కార్తీకం చివరి సోమవారం జాతర. అప్పటికి ఆదివారమే అయినా అంగళ్లు వెలిశాయట. ఆటోలో వెళ్తే నిజంగా దగ్గరే, కానీ చివరి మలుపు నుంచి ఆటో కదల్లేదు. దిగి నడిచాం. దొడ్డ బసవన్న గుడి దారి పొడవునా రెండు వైపులా కాయల కుప్పలు. వేయించినవి, ఉడకబెట్టినవి, పచ్చివి. పొలాల్లో పండిన కాయల్ని ఒక ఎద్దు వచ్చి తినేసేదని, రైతులు మొదటి పంటను బసవన్నకే ఇస్తామని మొక్కుకున్నారని అక్కడ అందరూ చెప్పే కథ. జనం మధ్య తోపుడు బండిని మడిచి నేను తల మీద పెట్టుకున్నంత పని చేశాను. పాప మాత్రం ఆ హోరులో హాయిగా కాళ్లాడించింది. పీపీలు ఊదేవాళ్లంటే ఆ పిల్లకు భయం లేదు.

వియ్యపురాలు నాలుగు కుప్పల దగ్గర ఒక్కో కాయ ఒలిచి చూసింది. నాలుగోవాడి దగ్గర ఆగింది. సేరు ఎంతని అడిగింది. అతను చెప్పింది విని, "మా ఊళ్లో బుడ్డలు ఈ ధరకు మూటెడు వస్తాయి" అంది.

"ఏ ఊరమ్మా?" అన్నాడతను తెలుగులోనే.

"హిందూపురం."

"మాది పావగడ."

హిందూపురానికి పావగడ ఎంత దూరమో అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. అతను సేరు నింపి, పైన కొసరుగా రెండు గుప్పిళ్లు వేశాడు. వియ్యపురాలు ఇంకో సేరు పొయ్యమంది.